అందరూ ఆహ్వానితులే

సంగీతాభిమానుల్లో రెండు రకాలు. కచేరీలకు వెళ్ళేవాళ్ళు ఒక రకం, ఏ కచేరీ ఎక్కడ జరుగుతోందో చెప్పేవాళ్ళు రెండో రకం. నేను రెండో రకం వాణ్ణి. ఈ సంగతి ఇన్నాళ్ళూ మా ఇంట్లోవాళ్ళకే తెలుసు. వాళ్ళు ఎలాగూ అపార్ట్‌మెంటంతా చెప్పేస్తున్నారు కనక, నా నోటితో నేనే చెప్పుకుంటే కాస్త మర్యాదగా ఉంటుందని ఈ రాత.

పొద్దున్న పేపరు రాగానే నేను మొదటి పేజీ ముట్టుకోను. రాజకీయాలు మా నాన్నగారి వంతు. సిటీ ఎడిషన్ లాక్కుని, లోపలి పేజీలో ఓ మూల, శ్రద్ధాంజలి ప్రకటనల పక్కన, 'నగరంలో నేడు' అని ఉండే చిన్న పెట్టె వెతుక్కుంటాను. దొరకగానే గొంతు సవరించుకుని వంటింటికి వినబడేలా చదువుతాను.

"చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో సాయంత్రం ఆరింటికి సినీ సంగీత విభావరి. రవీంద్రభారతిలో ఆరున్నరకి కూచిపూడి. సికింద్రాబాద్ హరిహర కళాభవన్‌లో నాటకం..."

మా ఆవిడ దోసె తిరగేస్తూ అడుగుతుంది. "మనం వీటిలో దేనికి వెడుతున్నామండీ?"

"వెళ్ళడం సంగతి తర్వాత. ముందు సమాచారం తెలియాలిగా!"

"రేడియోవాళ్ళూ అలాగే చెబుతారు. కాకపోతే దానికి ఆపే మీట ఉంది."

నేను ఇలాంటి మాటలకి చలించను. కత్తెర తెచ్చి ఆ పెట్టెని కత్తిరించి ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతం కింద అంటిస్తాను. రాబోయే కచేరీలు పైన, అయిపోయినవి కింద. కింద ఖాళీ లేక కొన్ని పక్కకి కూడా పాకాయి. మా అమ్మాయి ఆ తలుపుకి 'పురావస్తు ప్రదర్శనశాల' అని పేరు పెట్టింది. వాళ్ళ స్నేహితులొస్తే మంచినీళ్ళ సీసా తీసే నెపంతో చూపిస్తుంది కూడా.

నిజం చెప్పాలంటే రాబోయే కచేరీ అంత మంచి కచేరీ ఇంకోటి లేదు. అందులో మైకు కీచుమనదు. మన ముందు సీట్లో పొడుగాటాయన కూర్చోడు. గాయకుడికి జలుబు చెయ్యదు. మనకి ఇష్టమైన పాటలే, మనకి ఇష్టమైన వరసలోనే పాడతాడు. పార్కింగు వెతుక్కోనక్కర్లేదు. పైగా రేపు వెడతామనుకున్న కచేరీ వల్ల ఇవాళంతా సంగీతప్రియుడిలా బతకొచ్చు. ఎల్లుండి ఆఫీసులో "అయ్యో, మిస్సయ్యానండీ" అని నొచ్చుకుంటే ఆ పేరు నిలబడుతుంది. ఒక్క పాట వినకుండా మూడు రోజుల గౌరవం!

ఇంత గౌరవం గడించినవాడికి కొంత పాండిత్యం కూడా ఉండాలి కదా. అందుకని హాళ్ళ చరిత్ర బట్టీపట్టాను. ఇంటికెవరొచ్చినా వదలను. "రవీంద్రభారతి ఎప్పుడు వచ్చిందనుకున్నారు? 1961. రవీంద్రనాథ్ టాగూర్ శతజయంతి గుర్తుగా కట్టారు. త్యాగరాయ గానసభ 1966లో పుట్టింది. మాదాపూర్ శిల్పారామం పక్కనున్న శిల్పకళావేదికలో రెండున్నరవేల మంది పడతారు. బంజారాహిల్స్‌లో లామకాన్ అని ఓ పాత ఇల్లుంది, 2010 నుంచి అక్కడ చెట్టు కింద గజల్ ఉంటుంది, నాటకం ఉంటుంది, చర్చ ఉంటుంది, చవగ్గా టీ సమోసా ఉంటాయి." వచ్చినాయన "ఆ సమోసా బావుంటుందా అండీ?" అని అడుగుతాడు. అక్కడ నేను ఇరుకున పడతాను. చరిత్ర తెలుసుగానీ సమోసా తెలియదు.

"మా ఆయనకి నగరంలో ఉన్న ప్రతి హాలూ గుమ్మం దాకా తెలుసండీ," అంటుంది మా ఆవిడ, కాఫీ అందిస్తూ.

ఇందులో సిగ్గుపడాల్సిన ముక్క ఒకటుంది. మా ఇల్లు అశోక్‌నగర్‌లో. గానసభ మాకు నడక దూరం. ఏడాది పొడుగునా దాదాపు రోజూ ఏదో ఒక కార్యక్రమం, ఎక్కువ భాగం ఉచితం. పెద్ద హాలుకి తోడు లోపల కళా సుబ్బారావు కళావేదిక అని చిన్న హాలు కూడా ఉంది కనక ఒకే సాయంత్రం రెండు కార్యక్రమాలున్నా ఆశ్చర్యం లేదు. ఆహ్వాన పత్రిక అడుగున 'అందరూ ఆహ్వానితులే' అని కూడా వేస్తారు. నగరం ఇంత మర్యాదగా పిలుస్తుంటే, నేను ఆ గేటు ముందు నుంచి కూరగాయల సంచీతో పోతూ, బోర్డు మీద పేర్లు చదివి, ఇంటికొచ్చి చెబుతాను. అంతే.

ఇంట్లోవాళ్ళు ముగ్గురూ నా సమాచారానికి విసిగి, నన్ను విడివిడిగా కచేరీలకి లాక్కెళ్ళిన కథలు మూడున్నాయి. మూడింట్లోనూ తప్పు ఎవరిదో పాఠకులే తేల్చాలి. మా ఇంట్లో ఎప్పుడో తేల్చేశారు.

మొదటిది మా ఆవిడ కథ. ఆవిడ చిన్నప్పుడు రాజమండ్రిలో వీణ నేర్చుకుంది. సరళీ వరసలు, జంట వరసలు, గీతాలు దాటి వర్ణాల దాకా వెళ్ళింది. ఆ తర్వాత పెళ్ళయింది. పెళ్ళిచూపుల్లో నేను "సంగీతమంటే ప్రాణం" అన్నానట. ఆ ఒక్క మాట మీద సంబంధం ఖాయమైందని మా మావగారు చివరిదాకా బాధపడేవారు.

ఏటా పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధన వస్తుంది. ఆయన సమాధి ఉన్న తిరువైయారులో సరే, మన ఊళ్ళల్లోనూ సంగీతం వచ్చినవాళ్ళంతా వేదిక మీద చేరి నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల పంచరత్నాలు బృందంగా పాడతారు. దానికి తీసుకెడతానని ఏటా మాటివ్వడం నాకు సంక్రాంతి పనుల్లో ఒకటి. ఓ ఏడాది ఆవిడ మాట తీసుకోవడం మానేసి చీర కట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఇక తప్పలేదు.

పంచరత్నాలయ్యాక ఓ విద్వాంసుడి కచేరీ ఉంది. నేను మూడో వరసలో కూర్చుని తొడ మీద తాళం వెయ్యడం మొదలుపెట్టాను. ఆదితాళమని మా ఆవిడ చెవిలో చెప్పింది. ఒక దెబ్బ, మూడు వేళ్ళ లెక్క, తర్వాత దెబ్బా తిప్పుడూ, మళ్ళీ దెబ్బా తిప్పుడూ. మొత్తం ఎనిమిది. లెక్క సులువే. కాకపోతే నాకు రెండో తిప్పుడు దగ్గర ఎప్పుడూ ఆలోచన వస్తుంది. ఆలోచన వచ్చినప్పుడల్లా ఓ అక్షరం జారుతుంది. నా చెయ్యి ఏడుకే చుట్టి వచ్చేస్తోంది. పక్క సీట్లో ఓ పెద్దావిడ పాపం నా చెయ్యి చూసి తాళం వేస్తోంది. కాసేపటికి ఆవిడ వేళ్ళు ఆగిపోయాయి. వేదిక వైపు అనుమానంగా చూసి, "మృదంగం ఆయన తప్పుతున్నాడండీ," అంది. నేను గంభీరంగా తలాడించాను.

రాగాల దగ్గర నాకు ఇంకో సులువుంది. ఏది విన్నా కల్యాణి అంటాను. పది పాటల్లో ఒకటైనా అవుతుంది. ఆ రోజు కాలేదు. మా ఆవిడ మొదట మెల్లిగా సరిచేసింది, తర్వాత మోచేత్తో సరిచేసింది, ఆ తర్వాత నా వైపు చూడటం మానేసింది.

ప్రధాన కీర్తన అయ్యాక గాయకుడు పాట ఆపి, మృదంగం వైపు చెయ్యి చూపించి, కండువా సర్దుకుని కూర్చున్నాడు. ఇంటర్వెల్ ఇచ్చాడనుకుని లేచాను. నాతోపాటు చాలామంది లేవడంతో అనుమానం రాలేదు. వీధి చివర బండి దగ్గర మిరపకాయ బజ్జీలు తింటూ ఆ సంగీతప్రియులందరితో పరిచయం చేసుకున్నాను. సంగీతం ఎటు పోతోందో అని అందరం బెంగపడ్డాం. ఒకాయన నాలుగో బజ్జీ తీసుకుంటూ, "ఈ రోజుల్లో లయ జ్ఞానం ఎవరికుందండీ!" అన్నాడు.

తిరిగొచ్చేసరికి మంగళం పాడుతున్నారు.

"తని ఆవర్తనం నడుస్తుంటే లేచిపోయారా?" అంది మా ఆవిడ ఆటోలో. "ఆ ఒక్క ఘట్టం కోసం ఆ మృదంగం ఆయన కచేరీ అంతా ఇంకొకళ్ళ వెనకాల వాయిస్తాడు. అప్పుడే మీరందరూ చెప్పులు వెతుక్కుంటారు!"

నా దగ్గర సమాధానం లేదు. బజ్జీ వాసన మాత్రం ఉంది.

రెండో కథ మా నాన్నగారిది. ఆయనకి సంగీతమంటే ఘంటసాల. ఘంటసాల తర్వాత ఎవరని అడిగితే, ఘంటసాల రికార్డులు అంటారు. మా ఇంటి క్యాలెండర్లో ఉగాదీ దసరా ఎక్కడున్నా, డిసెంబర్ 4కీ ఫిబ్రవరి 11కీ ఎర్రసిరా చుట్టి ఉంటుంది. మొదటిది 1922లో ఆయన పుట్టిన రోజు, రెండోది 1974లో పోయిన రోజు. ఈ రెండు తేదీల చుట్టుపక్కల హైదరాబాద్‌లో హాళ్ళు దొరకవు. ఎక్కడ చూసినా ఘంటసాల ఆరాధనోత్సవమే. ఇప్పుడు బాలసుబ్రహ్మణ్యం గారి జూన్ 4, సెప్టెంబర్ 25 కూడా కలిశాయి కనక ఆర్కెస్ట్రాల వాళ్ళకి ఏడాదంతా పనే.

అలాంటి ఓ సాయంత్రం ఆయన నన్ను ఓ హాలుకి లాక్కెళ్ళారు. పత్రికలో ఆరు గంటలన్నారు. ఆరంటే హాలు తలుపు తీసే సమయం. ఆరున్నరకి మైకు పరీక్ష. ఏడుకి జ్యోతి ప్రజ్వలన. జ్యోతి వెలగడానికి అగ్గిపెట్టె ఎవరి దగ్గరా ఉండదు, హాల్లో పొగ తాగరాదు కనక. అగ్గిపెట్టె వచ్చాక ప్రార్థన, తర్వాత సభాధ్యక్షుడు, ముఖ్య అతిథి, గౌరవ అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి. వీళ్ళందరికీ మాట్లాడటమూ శాలువా కప్పించుకోవడమూ అయ్యాక పాటలు.

మా నాన్నగారికి చూపు ఆనదని ముందు వరసలో కూర్చున్నాం. అక్కడే వచ్చింది ప్రమాదం. విశిష్ట అతిథి ట్రాఫిక్‌లో చిక్కుకున్నారని ఫోనొచ్చింది. వేదిక మీద ఓ కుర్చీ ఖాళీ. నిర్వాహకుడు కంగారుగా ముందు వరస కేసి చూశాడు. నేనా రోజు ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకున్నాను, జుట్టు కూడా వయసుకి తగ్గట్టు పలచబడి ఉంది. ఆయన వంగి, "సార్, తమరు సాహిత్యాభిమానులా?" అని అడిగాడు.

"సంగీతాభిమానిని," అన్నాను. జీవితంలో అంత ఖరీదైన మాట ఇంకోటి అనలేదు, పెళ్ళిచూపుల్లో తప్పితే.

అరనిమిషంలో వేదిక మీదున్నాను. మా నాన్నగారు కింద నుంచి "ఒరేయ్, వద్దురా" అన్నారు. వినబడనట్టు నటించాను. "రెండు నిమిషాలు మాట్లాడండి సార్" అని మైకిచ్చారు. రెండు నిమిషాలు మాట్లాడదామనే లేచాను. మైకు పట్టుకున్నాక నాకు ఓ సత్యం బోధపడింది. ఇన్నేళ్ళుగా వంటింటికి వినబడేలా చదివినవాడికి, తిరిగి మాట్లాడని శ్రోతలు దొరకడం ఎంత భాగ్యమో! రవీంద్రభారతి 1961 నుంచి మొదలుపెట్టాను. గానసభ 1966కి వచ్చేసరికి చప్పట్లు కొట్టారు. ప్రోత్సాహం అనుకున్నాను. శిల్పకళావేదిక సీట్ల దగ్గర మళ్ళీ కొట్టారు, ఈసారి ఇంకా గట్టిగా. ఆ చప్పట్లకి అర్థం వేరే ఉంటుందని వేదిక మీద ఉన్నవాడికి తెలియదు.

శాలువా కప్పారు. దండ వేశారు. ఫొటో తీశారు. పాటలు మొదలయ్యేసరికి తొమ్మిది కావొస్తోంది. వాచ్‌మన్ తలుపు దగ్గర తాళాల గుత్తితో పచార్లు మొదలెట్టాడు. గాయకుల పట్టికలో సగం కొట్టేశారు. మా నాన్నగారు చీటీ మీద రాసి పంపిన పాట ఆ సగంలో పోయింది.

ఇంటికొచ్చేదాకా ఆయన మాట్లాడలేదు. లిఫ్టులో మాత్రం, "శాలువా బాగుందిరా," అన్నారు. "ఓ పాట ఖరీదు చేస్తుంది."

మూడోది మా అమ్మాయి కథ. ఇది ఖరీదైన కథ. ఈ తరం వాళ్ళకి కచేరీ అంటే హాలు కాదు, మైదానం. గచ్చిబౌలి స్టేడియంలో 2023 ఫిబ్రవరిలో ఇళయరాజా గారు పాడించారు, 2024 అక్టోబర్‌లో దేవిశ్రీ ప్రసాద్ గంతులు వేయించాడు, 2025 ఫిబ్రవరి 2న ఎడ్ షీరన్ అనే ఇంగ్లండు కుర్రాడు రామోజీ ఫిల్మ్‌సిటీకి వచ్చి పాడి వెళ్ళాడు. ఈ తేదీలన్నీ నేను ఫ్రిజ్ మీద అంటించినవే. వెళ్ళినవాళ్ళు వేరే. మా అమ్మాయి ఆ కాగితాలు చూసి, "నాన్నా, ఈసారి టికెట్లు కొంటున్నాం. నువ్వూ వస్తున్నావు. డబ్బు నీది," అని మూడు ముక్కల్లో చెప్పేసింది.

ఎవరి కచేరీ అన్నది చెప్పను. ఆయన బాగా పాడాడనే అందరూ అంటున్నారు.

టికెట్లు ఆన్‌లైన్‌లో మధ్యాహ్నం పన్నెండింటికి తెరుస్తారు. మా అమ్మాయి రెండు ఫోన్లు, ఓ ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చుంది. తెర మీద నా ముందు వేలమంది వరసలో ఉన్నారని చూపించింది. రేషన్ షాపు దగ్గర వరసలో నిలబడ్డవాణ్ణే, కానీ అక్కడ ముందున్నవాడి వీపు కనబడేది, తిట్టుకోవడానికి ఓ ఆధారం ఉండేది. ఇక్కడ చక్రం తిరుగుతుంది, అంతే. మా వంతు వచ్చేసరికి వజ్రం, ప్లాటినం, బంగారం అయిపోయి వెండి మిగిలింది. వెండి అని ఆ ధర పెట్టాక బంగారం ఎంతుండేదో ఊహించుకోండి. దాని మీద 18 శాతం జీఎస్టీ. దాని మీద సౌకర్యార్థం రుసుము. ఎవరి సౌకర్యమో రాయలేదు.

ఇక్కడ నా పాండిత్యం ఊరుకోలేదు. "కచేరీ టికెట్ ఐదువందల రూపాయల దాకా అయితే జీఎస్టీ లేదు తెలుసా? ఆ పైన ఒక్క రూపాయి దాటినా 18 శాతమే," అన్నాను.

మా నాన్నగారు పేపరు దించి, "ఉచితమైతే?" అన్నారు.

"ఉచితానికి పన్నేంటి నాన్నా!"

"మరి నడిచి వెళ్ళే దూరంలో రోజూ ఉచితంగా పెడుతుంటే..." అని మళ్ళీ పేపరెత్తారు. వాక్యం పూర్తి చెయ్యకుండా కొట్టడం ఆయన ప్రత్యేకత.

ఆ రోజు రానేవచ్చింది. గేటు దగ్గర నా నీళ్ళ సీసా తీసేసుకున్నారు. మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర డబ్బా తీసేసుకున్నారు. జేబులో ఉన్న జెలుసిల్ బిళ్ళలు చూసి కాసేపు ఆలోచించి, నా ముఖం చూసి వదిలేశారు. లోపల కూర్చోడానికి కుర్చీ లేదు. వెండి వాళ్ళు నిలబడాలి. వేదిక చాలా దూరంలో ఉంది. దాని మీద మనుషులున్నారని పక్కనున్న పెద్ద తెర చూసి నమ్మాలి. ఇంటి దగ్గర టీవీ ఇంకాస్త దగ్గరగా ఉండేదన్న మాట నోటిదాకా వచ్చింది. మా అమ్మాయి ముఖం చూసి మింగేశాను.

కాసేపటికి లైట్లు తిరిగాయి, నేల అదిరింది, ఓ కుర్రాడు వచ్చి చేతులూపుతూ ఏవో మీటలు తిప్పాడు. డబ్బులు గుర్తొచ్చి నేనూ చేతులూపాను. గెంతమన్నాడు, గెంతాను. ఫోనులో లైటు వెయ్యమన్నాడు, వేశాను. గంటసేపు నా వయసుకి మించిన సహకారం అందించాను. మోకాళ్ళు మొరాయించాయి. "బాగా పాడాడమ్మా, కాస్త టీ తాగొస్తాను," అని బయల్దేరాను. టీ దగ్గర వరస, డబ్బు కట్టే కూపన్ల దగ్గర ఇంకో వరస. రెండూ దాటేసరికి వెనక నుంచి మైదానమంతా ఒక్కసారి హోరెత్తింది. వెనక్కి రాబోతే జనం గోడకట్టి ఉన్నారు. కాగితం కప్పుతో టీ పట్టుకుని, మరుగుదొడ్ల పక్క నుంచి కచేరీ విన్నాను. స్పష్టంగానే వినబడింది.

సరిగ్గా పదింటికి ఆపేశారు. ఆరుబయట రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000 సంవత్సరంలో వచ్చిన శబ్దకాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. ప్రత్యేక అనుమతి ఉంటేనే పొడిగింపు. మన దేశంలో కచేరీ మొదలవడానికి ఏ చట్టమూ లేదుగానీ, ముగియడానికి ఉంది.

"ఎలా ఉంది నాన్నా?" అంది అమ్మాయి.

"ఆ మొదటి కుర్రాడు చాలా కష్టపడ్డాడు."

"అతను డీజే నాన్నా. అసలాయన రాకముందు జనాన్ని వేడెక్కించడానికి పెడతారు."

వేడెక్కినవాణ్ణి నేనొక్కణ్ణే అని అప్పుడు తెలిసింది. పార్కింగులోంచి కారు బయటికి రావడానికి పట్టిన సమయం కచేరీ సమయం కన్నా ఎక్కువని చెబితే అతిశయోక్తి అంటారు. అందుకని చెప్పను.

ఈ మూడు అనుభవాల తర్వాత నేను మారతానని వాళ్ళు ఆశించి ఉండరు. నేను కూడా ఆశాభంగం కలిగించలేదు. మొన్నామధ్య ఓ శనివారం మూడు కార్యక్రమాలు కలిసొచ్చాయి. మా ఆవిడకి చిక్కడపల్లిలో గాత్రకచేరీ, నాన్నగారికి రవీంద్రభారతిలో సురభి వాళ్ళ మాయాబజార్, అమ్మాయికి మాదాపూర్‌లో పాటల రాత్రి. సురభి అంటే 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన నాటక కుటుంబం. మాయాబజార్‌లో వాళ్ళు చూపించే మాయల కోసం మా నాన్నగారు పిల్లాడైపోతారు. ఇన్ని కోరికలు ఒకేసారి నెరవేర్చే అవకాశం నాకెప్పుడూ రాలేదు. తెల్లకాగితం తీసి పథకం వేశాను. ఐదున్నరకి ఆవిణ్ణి దింపడం, ఆరుకి నాన్నగారు, అక్కణ్ణుంచి మాదాపూర్, తిరిగొస్తూ ఆయన్ని ఎక్కించుకుని మంగళం వేళకి చిక్కడపల్లి. ట్రాఫిక్ సిగ్నళ్ళతో సహా బాణాల గుర్తులతో పటం గీశాను. రంగు పెన్సిళ్ళు కూడా వాడాను.

పటం పూర్తిచేసి తలెత్తేసరికి ఇంట్లో ఎవరూ లేరు.

మా ఆవిడ ఎదురింటావిడతో కలిసి నడిచి వెళ్ళిపోయింది. నాన్నగారు పార్కు స్నేహితులతో ఆటోలో పోయారు. అమ్మాయి మెట్రో ఎక్కేసింది. ఇప్పుడు చిక్కడపల్లికి స్టేషనుంది, రవీంద్రభారతికి లక్డీకాపూల్, అసెంబ్లీ స్టేషన్లు దగ్గర, మాదాపూర్ వెళ్ళేందుకు దుర్గం చెరువు, హైటెక్ సిటీ స్టేషన్లున్నాయి. ఈ సంగతి వాళ్ళకి చెప్పింది ఎవరనుకున్నారు? నేనే. ఎప్పుడో ఓ పొద్దున్న, వంటింటికి వినబడేలా. నా సమాచారం వృథా పోలేదు. నేనొక్కణ్ణే పోయాను.

రాత్రి ముగ్గురూ తిరిగొచ్చి అన్నాలు తింటూ కబుర్లు చెప్పుకున్నారు. మా ఆవిడ తని ఆవర్తనం గురించి చెప్పింది, అమ్మాయి శ్రద్ధగా వింది. నాన్నగారు గాలిలో లేచిన లడ్డూలని చేత్తో చూపించారు. అమ్మాయి ఏదో పాట అందుకుంటే మా ఆవిడ దాని రాగం చెప్పింది. నేను ఊరుకోలేక "కల్యాణి కదూ?" అన్నాను. ఒక్క క్షణం నిశ్శబ్దం. "అవునండీ, కల్యాణే," అంది మా ఆవిడ. నా మీద జాలిపడిందో, నిజంగా అదే రాగమో ఇప్పటికీ ఆవిడ తేల్చి చెప్పలేదు.

మా ఇంటి తీర్పు మాత్రం తేలిపోయింది. కచేరీ కబుర్లు చెప్పేవాడు కచేరీకి వెళ్ళినవాడు కాడు.

కనక పాఠకులకి నా మనవి ఒకటే. స్టేడియంలో పెద్ద కచేరీలకి వెళ్ళండి, కాదనను. వాళ్ళకి జనం కరువు లేదు, నేను పిలవక్కర్లేదు. కానీ మీ ఊళ్ళోనూ సాయంత్రం ఆరింటికి ఓ హాలు తలుపులు తెరుచుకుంటాయి. హైదరాబాద్‌లో గానసభ అయితేనేం, విజయవాడలో తుమ్మలపల్లి వారి కళాక్షేత్రం అయితేనేం, విశాఖలో కళాభారతి, రాజమండ్రిలో ఆనం కళాకేంద్రం, వరంగల్‌లో కాళోజీ కళాక్షేత్రం, తిరుపతిలో మహతి అయితేనేం. అక్కడ పాడే అమ్మాయి నెలల తరబడి సాధన చేసి, పట్టుచీర కట్టుకుని వచ్చి, తెర సందులోంచి ఎన్ని కుర్చీలు నిండాయో చూసుకుంటుంది. చాలా కార్యక్రమాలకి టికెట్ ఉండదు, జీఎస్టీ ఉండదు, పులిహోర డబ్బా ఎవరూ లాక్కోరు. ఆరింటికన్నారని ఆరున్నరకి వెళ్ళినా ఏ పాటా పోదు. మృదంగం ఆయన వంతు వచ్చినప్పుడు మాత్రం లేవకండి. రెండో వరసలో కూర్చోండి. మొదటి వరసలో కూర్చుంటే మిమ్మల్ని వేదిక ఎక్కించి మాట్లాడమంటారు. వాళ్ళు అడిగినా సరే, మీరు మాట్లాడకండి.